స్లీప్ ఆపేయడం రిపేరు కాదు

డెస్క్‌టాప్ కంప్యూటర్ వాడేవాళ్లు సర్వీసు షాపుకు మోసుకొచ్చే ఫిర్యాదుల్లో రెండు చాలా పాతవి. స్లీప్‌లో పెట్టి కుర్చీలోంచి లేచేలోపే తెర మళ్లీ వెలిగిపోతుందన్నది మొదటిది. రెండోది ఇంతకంటే బాధాకరం. పొద్దున్నే మౌస్ కదిపితే సీపీయూలో ఫ్యాను తిరుగుతుంది, ముందున్న లైటు వెలుగుతుంది, మానిటర్ మీద మాత్రం ఏమీ రాదు. పవర్ బటన్ నొక్కిపట్టి బలవంతంగా ఆపి మళ్లీ ఆన్ చేయాలి. రాత్రి తెరిచి ఉంచిన పని అంతటితో పోయినట్టే.

ఈ రెండింటికీ తెలుగు ఊళ్లలో ఎక్కువగా వినిపించే జవాబులూ రెండే. "విండోస్ కరప్ట్ అయిందండీ, ఫార్మాట్ కొట్టాలి" అంటారు. లేకపోతే సెట్టింగుల్లో స్లీప్‌ను 'నెవర్' అని మార్చి, "ఇక ప్రాబ్లం రాదు" అని చేతిలో పెడతారు. రెండూ తప్పే. కారణం విండోస్ ఫైళ్లలో లేనప్పుడు ఫార్మాట్ కొట్టి లాభం లేదు. మౌస్, ల్యాన్ కార్డు, బయోస్ (మదర్‌బోర్డులోనే ఉండే తొలి సాఫ్ట్‌వేర్), ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా డబ్బా) - చాలాసార్లు తగువు వీటి దగ్గరే ఉంటుంది, ఫార్మాట్ తర్వాత కూడా అక్కడే ఉంటుంది. ఈలోపు డీటీపీ చేసేవాళ్లకు అను ఫాంట్లు, ఆడిటర్ ఆఫీసుకు టాలీ, డిజిటల్ సంతకం టోకెన్ డ్రైవరు, ప్రింటరు అన్నీ మొదటినుంచీ ఎక్కించుకునే పని మీద పడుతుంది. ఇక 'నెవర్' అంటే కంప్యూటర్‌లోని ఒక పనిని శాశ్వతంగా చంపేయడం. డబ్బిచ్చి కొన్న సౌకర్యం పనిచేయకపోతే దాన్ని మూసేసి బాగుచేశామని చెప్పడం న్యాయం కాదు.

అసలు విషయం ఏమిటంటే, తనను ఎవరు లేపారో, ఎవరు పడుకోనివ్వడం లేదో చాలా సందర్భాల్లో కంప్యూటర్‌కు తెలుసు. అది రాసి కూడా పెట్టుకుంటుంది. అడిగేవాళ్లే లేరు.

స్లీప్‌లో లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలిస్తే తగువు ఎక్కడుందో ఊహించవచ్చు. 1990ల మధ్య దాకా వచ్చిన కంప్యూటర్ల పవర్ స్విచ్ కరెంటును నేరుగా తెంచేది. విండోస్ 95 అన్నీ మూసేసి, ఇప్పుడు ఆపుకోవచ్చని తెర మీద ఒక వాక్యం చూపించి ఆగిపోయేది, స్విచ్ నొక్కడం మనిషి పని. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ పద్ధతితో ఇది మారింది. అప్పటినుంచి ముందున్న బటన్ కరెంటును కోయదు, మదర్‌బోర్డుకు ఒక కబురు మాత్రం పంపుతుంది. వెనక ప్లగ్గు పెట్టి ఉన్నంతసేపూ ఎస్‌ఎంపీఎస్ నుంచి ఊదారంగు వైరు మీద 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు వస్తూనే ఉంటుంది. స్లీప్‌లో ఉన్న కంప్యూటర్ బతికేది ఆ ఒక్క సరఫరా మీదే.

1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ అనే ప్రమాణాన్ని విడుదల చేశాయి. అంతకుముందు కరెంటు పొదుపు వ్యవహారమంతా బయోస్ చూసుకునేది. ఏసీపీఐతో ఆ అధికారం ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి వచ్చింది. నిద్రను అది మెట్లుగా విడదీసింది. మామూలు డెస్క్‌టాప్‌లో స్లీప్ అంటే ఎస్3 మెట్టు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, హార్డ్ డిస్కు, ఫ్యాన్లు అన్నీ ఆగిపోతాయి, ర్యామ్, లేపే హక్కున్న పరికరాలు మాత్రమే కరెంటు మీద ఉంటాయి. ఎస్4 అంటే హైబర్నేట్. అందులో ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీద రాసేసి మొత్తం ఆగిపోతుంది.

ర్యామ్‌కు కరెంటు ఎందుకంటే, అందులోని ప్రతి బిట్టూ ఒక బుల్లి కెపాసిటర్‌లో నిలిచిన ఛార్జి. చిల్లికుండలో నీళ్లలా అది కారిపోతూ ఉంటుంది, ఎప్పటికప్పుడు నింపాలి. డీడీఆర్4 ర్యామ్‌లో మామూలు వేడి దగ్గర ప్రతి వరుసనూ 64 మిల్లీసెకన్లలోపు ఒకసారి తాజా చేయాలని ప్రమాణం. మెలకువగా ఉన్నప్పుడు ఆ పని ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ చేస్తుంది, స్లీప్‌లో ర్యామ్ తనకు తానే చేసుకుంటుంది. ఆ స్టాండ్‌బై కరెంటు ఒక్క క్షణం తడబడినా రాత్రి తెరిచి ఉంచిన పని ఉండదు.

లేవడం పడుకోవడం కంటే చాలా కష్టమైన పని. బటన్ నొక్కగానే ప్రాసెసర్ మళ్లీ మొదటినుంచి బయోస్ దగ్గరే మొదలవుతుంది. ఇది కొత్తగా ఆన్ కావడం కాదు, నిద్రలోంచి లేవడం అని బయోస్ గుర్తించాలి. ర్యామ్‌లోని సరుకు చెడకుండా మెమరీ కంట్రోలర్‌ను సిద్ధం చేయాలి. ఆ తర్వాత పగ్గాలు విండోస్‌కు ఇవ్వాలి. అప్పుడు గ్రాఫిక్స్, సౌండ్, నెట్‌వర్క్, యూఎస్‌బీ ఒక్కొక్క డ్రైవరూ తన పరికరాన్ని వదిలిన చోట నిలబెట్టాలి. గ్రాఫిక్స్ కార్డు సొంత మెమరీకి నిద్రలో కరెంటు ఉండదు కాబట్టి, అక్కడ ఉండాల్సినదాన్ని డ్రైవరే పడుకునే ముందు దాచి, లేచాక తిరిగి పెట్టాలి. ఇంతమందిలో ఒక్కరు పొరపాటు చేసినా మానిటర్ నల్లగానే ఉంటుంది. వీళ్లంతా వేర్వేరు కంపెనీల వాళ్లు. బయోస్ ఒకరిది, గ్రాఫిక్స్ డ్రైవరు ఇంకొకరిది, ర్యామ్ మరొకరిది, ఎస్‌ఎంపీఎస్ క్యాబినెట్‌తో పాటు వచ్చినది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట విడిభాగాలు ఎంచుకుని కట్టించుకున్న సిస్టమ్‌లో ఇవన్నీ కలిసి మొదటిసారి పడుకుని లేచేది కొన్నవాళ్ల ఇంట్లోనే.

ముందు మొదటి ఫిర్యాదు. పెట్టగానే లేచిపోయే కంప్యూటర్‌ను అడగడానికి విండోస్‌లోనే ఒక ఆదేశం ఉంది. స్టార్ట్ మెనూలో కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాలి. పవర్ అన్న ఇంగ్లిష్ మాట వెనుకే ఖాళీ లేకుండా సీ, ఎఫ్, జీ అక్షరాలు, ఒక స్పేస్, తర్వాత స్లాష్ లాస్ట్‌వేక్ అని టైప్ చేసి ఎంటర్ నొక్కాలి. కిందటిసారి ఏ పరికరం లేపిందో తెర మీదికి వస్తుంది. లాస్ట్‌వేక్ బదులు రిక్వెస్ట్స్ అంటే ఇప్పుడు పడుకోనివ్వకుండా పట్టుకున్న ప్రోగ్రాములు, డ్రైవర్ల పేర్లు వస్తాయి. వేక్‌టైమర్స్ అంటే ఫలానా టైముకు లేపమని అలారం పెట్టినవాళ్ల జాబితా. డివైస్‌క్వెరీ వేక్_ఆర్మ్‌డ్ అంటే లేపే హక్కున్న పరికరాలు. ఈ నాలుగు ప్రశ్నలకు పట్టే సమయం ఒక టీ తాగినంత కూడా కాదు. అయినా ఫార్మాట్‌కు డబ్బు తీసుకునే ముందు వీటిని అడిగే షాపులు అరుదు.

జవాబుల్లో చాలాసార్లు వచ్చే పేరు మౌస్. ఆప్టికల్ మౌస్ అడుగున ఉన్న సెన్సర్ నిద్రలో కూడా బల్లను చూస్తూనే ఉంటుంది. గాజుపలక మీదో, మెరిసే సన్‌మైకా మీదో పెడితే ఎవరూ ముట్టుకోకపోయినా కదిలినట్టు దానికి అనిపిస్తుంది. డివైస్ మేనేజర్‌లో ఆ మౌస్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ పేజీలో కంప్యూటర్‌ను లేపే అనుమతికి ఉన్న టిక్కు తీసేస్తే సరి. కీబోర్డుకు మాత్రం ఆ టిక్కు ఉంచుకోవాలి, లేకపోతే లేపడానికి పవర్ బటన్ ఒక్కటే మిగులుతుంది.

తర్వాతి పేరు ల్యాన్ కార్డు. పెద్ద ఆఫీసుల్లో రాత్రిపూట దూరం నుంచి కంప్యూటర్లను లేపి అప్‌డేట్లు ఎక్కించడానికి 1990ల రెండో సగంలో వేక్ ఆన్ ల్యాన్ అనే ఏర్పాటు వచ్చింది. దానికి వాడే మ్యాజిక్ ప్యాకెట్ నిర్మాణం చాలా సరళం. మొదట అన్నీ ఒకట్లతో నిండిన 6 బైట్లు, తర్వాత ఆ కార్డు చిరునామా 16 సార్లు, మొత్తం 102 బైట్లు. ఇంట్లో ఎవరూ అలాంటి ప్యాకెట్ పంపరు. కానీ చాలా కార్డులకు దాంతోపాటు మరికొన్ని రకాల నెట్‌వర్క్ పలకరింపులకు కూడా లేచే గుణం ఉంటుంది. రౌటరో, స్మార్ట్ టీవీనో, ఇంట్లోని ఇంకో ఫోనో ఏదో వాకబు చేస్తుంది, పక్కగదిలో కంప్యూటర్ లేచి కూర్చుంటుంది. కార్డు ప్రాపర్టీస్‌లో మ్యాజిక్ ప్యాకెట్‌కు మాత్రమే లేవమనే టిక్కు ఒకటి ఉంది. దూరం నుంచి లేపే అవసరం ఎన్నడూ లేని ఇంట్లో అసలు లేపే హక్కే తీసేయవచ్చు.

చిన్న ఆఫీసుల్లో ఇంకో రకం కనిపిస్తుంది. టాలీ డేటా ఒక కంప్యూటర్‌లో పెట్టి మిగతావాళ్లు నెట్‌వర్క్ మీద దాన్నే వాడుకునే పద్ధతి తెలుగు పట్టణాల్లో చాలా ఆడిటర్ ఆఫీసుల్లో, హోల్‌సేల్ కొట్లలో ఉన్నదే. డేటా ఉన్న కంప్యూటర్ ఎంతసేపు వదిలేసినా పడుకోదు. రిక్వెస్ట్స్ అని అడిగితే ఎస్‌ఆర్‌వీనెట్ అనే డ్రైవరు పేరు చెబుతుంది, అవతలి కంప్యూటర్ ఏదో ఇటీవలే ఫైలు అడిగిందని కారణం కూడా రాస్తుంది. ఇది జబ్బు కాదు. పక్కవాళ్లు పని చేస్తుండగా తాను పడుకోకూడదని ఆ కంప్యూటర్‌కు తెలుసు. ఇలాంటి చోట ఫార్మాట్ కొట్టడం లెక్కల పుస్తకాన్ని ప్రమాదంలో పెట్టడమే.

అర్ధరాత్రి తనంతట తానే ఆన్ అయ్యే కంప్యూటర్లను చూసి కొందరు వైరస్ అనుకుంటారు. చాలావరకు అది వేక్ టైమర్. అప్‌డేట్ తర్వాత రీస్టార్ట్ కోసం విండోసే అలారం పెట్టుకుంటుంది. అడ్వాన్స్‌డ్ పవర్ సెట్టింగుల్లో వేక్ టైమర్లను పూర్తిగా ఆపవచ్చు. ముఖ్యమైనవాటికి మాత్రమే అనుమతించే మధ్యస్థ ఎంపికా అక్కడే ఉంది. కానీ యజమానిని అడగకుండా రాత్రి రెండింటికి పడకగదిలో మానిటర్ వెలిగించే హక్కు ఒక సాఫ్ట్‌వేర్‌కు ఉండాలా? ఉండకూడదు. మొదటిసారి అలారం పెట్టేముందే అడగడం మర్యాద.

రెండో ఫిర్యాదు, లేవకపోవడం, నిజంగా చిక్కుముడి. ఇక్కడ పవర్ బటన్ నొక్కిపట్టే ముందు ఒక్క పరీక్ష చేయాలి. కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కి దాని లైటు మారుతుందో లేదో చూడాలి. మారితే కంప్యూటర్ లేచే ఉంది, బొమ్మ మాత్రమే రావడం లేదు. అప్పుడు విండోస్ మీట, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవరు ఒకసారి తనను తాను సరిచూసుకుంటుంది, చిన్న బీప్ కూడా వినిపించవచ్చు. చాలాసార్లు తెర తిరిగి వస్తుంది, పనీ దక్కుతుంది. రాకపోతే మానిటర్‌ను దాని బటన్‌తో ఆపి ఆన్ చేసి చూడాలి. డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ మీద ఉంటే ఒకరోజు హెచ్‌డీఎంఐకి మార్చి చూడాలి. కొన్ని మానిటర్లు గాఢనిద్రలోకి వెళ్లి, అటునుంచి కంప్యూటర్ పిలిచినా పలకవు. నేరం మానిటర్‌ది, దెబ్బలు సీపీయూకి.

క్యాప్స్ లాక్ లైటు మారలేదంటే కంప్యూటర్ దారిలోనే ఆగిపోయింది. పవర్ బటన్ నాలుగు సెకన్లకు పైగా పట్టుకుని ఆపక తప్పదు. తర్వాత ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే కర్నెల్ పవర్, 41 అన్న ఎర్రగుర్తు కనిపిస్తుంది. దీన్ని చూసి "41 ఎర్రర్ వచ్చింది, మదర్‌బోర్డు పోయింది" అని తేల్చేవాళ్లున్నారు. ఆ అంకె చెప్పేది ఒక్కటే, కిందటిసారి కంప్యూటర్ సక్రమంగా మూతపడలేదని. బటన్ నొక్కిపట్టింది యజమానే కదా. అది ఫలితం, కారణం కాదు. కారణం కోసం దానికి ముందు వరుసల్లో చూడాలి. పడుకున్న సమయం ఏది, లేవబోయిన ఆనవాలు ఉందా, ఏ డ్రైవరైనా ఫిర్యాదు చేసిందా అన్నవే పనికొచ్చే సంగతులు. సరిగ్గా లేచిన రోజుల్లోనైతే పవర్ ట్రబుల్‌షూటర్ అనే పేరుతో ఒక వరుస ఉంటుంది. పడుకున్న వేళ, లేచిన వేళ, లేపినవాళ్ల పేరు మూడూ అందులో ఉంటాయి.

వరుసగా తీసేసుకుంటూ పోవాల్సినవి ఇక్కడ మూడు నాలుగే. గ్రాఫిక్స్ డ్రైవరు తాజాదా? ఈమధ్యే మారిస్తే వెనకటిది పెట్టి చూడాలి. మదర్‌బోర్డు కంపెనీ కొత్త బయోస్ ఇచ్చిందా? కొత్త తరం బోర్డులకు వచ్చే బయోస్ సవరణల్లో నిద్ర, మెమరీ తగువులవి తరచూ ఉంటాయి. ర్యామ్‌ను దాని మామూలు వేగం కంటే పైన నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్‌లో ఉందా? ఉంటే కొన్నాళ్లు ఆపి చూడాలి. పగలంతా హాయిగా పనిచేసే ర్యామ్ కూడా నిద్రలోంచి లేచే క్షణంలో ఆ వేగాన్ని అందుకోలేక బోల్తా పడుతుంది. ఒకసారికి ఒకటే మార్చాలి. అన్నీ కలిపి మారిస్తే బాగైనా ఎందుకు బాగైందో తెలియదు, మూడు నెలల తర్వాత తిరగబెడితే మళ్లీ మొదటికి రావాలి.

ఎస్‌ఎంపీఎస్ గురించి మాత్రం ఆగి చెప్పాలి, ఎందుకంటే మన వాతావరణానికి దానితో నేరుగా సంబంధం ఉంది. అందులోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల వేడికీ దాదాపు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక మోటు లెక్క ఉంది. రామగుండంలో, విజయవాడలో, రెంటచింతలలో మే నెల గది వేడిలో, దుమ్ము పట్టిన క్యాబినెట్ లోపల ఆ కెపాసిటర్లు ఏ వేడిలో పనిచేస్తుంటాయో చెప్పనక్కర్లేదు. పైగా ఎస్‌ఎంపీఎస్‌లో స్టాండ్‌బై భాగానికి విరామం ఉండదు, కంప్యూటర్ ఆపినా, ప్లగ్గు ఉన్నంతకాలం పనిలోనే ఉంటుంది. అది నీరసపడితే పగలు అంతా మామూలుగానే కనిపిస్తుంది, నిద్రలో మాత్రం ర్యామ్‌ను నిలబెట్టలేదు. లేపితే రాత్రి పని ఏమీ ఉండదు, విండోస్ మొదటినుంచి బూట్ అవుతుంది. మల్టీమీటర్ ఉన్న ఏ మెకానిక్ అయినా ఊదారంగు వైరు మీద వోల్టేజీ చూడగలడు. 4.75కు, 5.25కు మధ్య ఉండాలి. కంప్యూటర్ స్లీప్‌లో ఉండగానే చూస్తే ఇంకా మంచిది. ఇది ఇంట్లో చేసుకునే పని కాదు, ఎస్‌ఎంపీఎస్ డబ్బా విప్పడం ప్రాణాపాయం. కానీ షాపులో చేయడానికి నిమిషం చాలు. ఫార్మాట్ కొట్టాక కూడా తగ్గని ఎన్నో కేసుల్లో మార్చాల్సింది ఇదే.

కరెంటు పోవడం ఇంకో సంగతి. స్లీప్‌లో ఉండగా కరెంటు పోతే ర్యామ్‌లోది పోతుంది కాబట్టి, విండోస్ విస్టా కాలంలో మైక్రోసాఫ్ట్ హైబ్రిడ్ స్లీప్ తెచ్చింది. పడుకునే ముందే ఒక నకలు డిస్కు మీద రాసి పెడుతుంది. కరెంటు పోకపోతే ర్యామ్‌లోంచి, పోతే డిస్కులోంచి లేస్తుంది. కోతలున్న ఊళ్లకు ఇది చాలా విలువైన ఏర్పాటు. యూపీఎస్ ఉందిగా అని ధీమాగా ఉండేవాళ్లు ఒక సంగతి చూసుకోవాలి. కొన్ని చిన్న యూపీఎస్‌లు బ్యాటరీ మీద ఉన్నప్పుడు లోడు మరీ తక్కువైతే, వాడేవాళ్లు లేరనుకుని బ్యాటరీ ఆదా కోసం తమంతట తామే ఆగిపోతాయి. నిద్రపోతున్న కంప్యూటర్ లాగేది రెండు మూడు వాట్లు. యూపీఎస్‌కు అది ఖాళీగా ఉన్నట్టే. బ్యాటరీ నిండుగా ఉండగానే కంప్యూటర్ చచ్చిపోవడానికి ఇదొక కారణం, యూపీఎస్ పుస్తకంలో చూస్తే ఆ సదుపాయం ఉందో లేదో తెలుస్తుంది.

ఇంత తలనొప్పి ఎందుకు, రోజూ షట్ డౌన్ చేస్తే పోలేదా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. రాత్రికి షట్ డౌన్ చేయడం మంచి అలవాటు. కానీ 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి, ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, షట్ డౌన్ కూడా పూర్తి షట్ డౌన్ కాదు. ప్రోగ్రాములన్నీ మూసేసి, విండోస్ గుండెకాయ భాగాన్ని మాత్రం హైబర్నేట్ చేసి డిస్కు మీద దాస్తుంది. మర్నాడు దాన్నే తిరిగి ఎక్కిస్తుంది. అందువల్ల లేవడంలో తడబడే డ్రైవరు షట్ డౌన్ తర్వాత కూడా తడబడుతుంది. "రోజూ షట్ డౌన్ చేస్తున్నా తగ్గలేదు, రీస్టార్ట్ చేస్తే తగ్గింది" అని జనం చెప్పే మాటను మెకానిక్‌లు కొట్టిపారేస్తుంటారు. ఆ మాట అక్షరాలా నిజం. రీస్టార్ట్‌లో ఈ దాచుకోవడం ఉండదు, అంతా కొత్తగా మొదలవుతుంది. కాబట్టి నిద్ర తగువు తేల్చుకునే రోజుల్లో ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపి పెట్టుకోవడం మేలు.

'నెవర్' ఖరీదు ఎంతో కూడా లెక్కవేయాలి. మానిటర్‌తో కలిపి ఊరికే వెలుగుతూ 60 వాట్లు లాగే మామూలు డెస్క్‌టాప్ రోజుకు 15 గంటలు అలా ఉంటే 0.9 యూనిట్, నెలకు 27 యూనిట్లు. అదే సమయం 3 వాట్లతో నిద్రపోతే నెలకు ఒకటిన్నర యూనిట్ లోపే. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు, ఆ గీత దాటితే ఆ నెల కట్టాలి. 180 దగ్గర ఉన్న ఇంటిని ఈ 27 యూనిట్లు గీత దాటిస్తాయి. షాపులో ఒక్క క్లిక్కుతో పెట్టిన 'నెవర్' ఆ ఇంటి బిల్లు మీద ప్రతినెలా కనిపిస్తుంది, ఎందుకు పెరిగిందో మాత్రం ఎవరికీ తెలియదు.

ఇక బాధ్యుల సంగతి. మెకానిక్‌లను మాత్రమే తప్పుపట్టి ఊరుకోవడం అన్యాయం. ఏసీపీఐలో ప్రతి మదర్‌బోర్డు తన పరికరాల జాబితాను, ఎవరు ఎవరిని లేపవచ్చో చెప్పే పట్టికలను బయోస్‌లో రాసి ఇవ్వాలి. ఆ రాతలో తప్పులుంటే దాని మీద నడిచే ఏ ఆపరేటింగ్ సిస్టమ్ కూడా నిద్రను సరిగా నడపలేదు. లైనక్స్ వాడేవాళ్లకు ఇది బాగా తెలుసు. బీ550 చిప్‌సెట్ ఉన్న కొన్ని మదర్‌బోర్డుల్లో స్లీప్‌లో పెట్టగానే లేచిపోయే తగువుకు కారణం జీపీపీ0 అనే ఒక పీసీఐ దారికి లేపే హక్కు ఇచ్చి ఉండటమేనని వాళ్లే తవ్వి తీశారు, ఆ ఒక్క హక్కు తీసేయగానే బోర్డు బుద్ధిగా పడుకుంది. చాలా బోర్డులను విండోస్ మీద మాత్రమే ఆడించి చూసి బజార్లో పెడతారు. విండోస్ వైపు ఈ మొగ్గు కొత్తది కాదు. 1999 జనవరిలో బిల్ గేట్స్ రాసిన ఒక అంతర్గత ఈమెయిల్, తర్వాత అమెరికాలోని అయోవా రాష్ట్రంలో నడిచిన కేసులో సాక్ష్యంగా బయటికి వచ్చింది. ఏసీపీఐ ఏర్పాట్లను విండోస్‌కే ప్రత్యేకం చేసే వీలుందా అన్న ఆలోచన అందులో ఉంది. ఒక ప్రమాణం పుట్టిన తొలి సంవత్సరాల్లోనే దాన్ని అందరి ఉమ్మడి సొత్తుగా చూడకపోతే ఎలాంటి అలవాట్లు పాతుకుపోతాయో ఆ పట్టికల్లోని తప్పులు చూపిస్తున్నాయి. 2013లో ఏసీపీఐ బాధ్యత కంపెనీల ఉమ్మడి వేదిక అయిన యూఈఎఫ్‌ఐ ఫోరమ్‌కు మారింది, అయినా రాసేది ఇప్పటికీ ఎవరి బోర్డుకు వాళ్లే.

అన్నిటికంటే పెద్ద లోటు, తెలిసిన సంగతిని దాచిపెట్టడం. విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్ కమాండ్ కొట్టాలి. మ్యాక్‌లో టెర్మినల్ తెరిచి పీఎంసెట్ అనాలి. లైనక్స్‌లో ప్రాక్ ఫోల్డరు లోపలి ఫైలు చదవాలి. మూడింట్లోనూ జవాబు ఉంది, మూడింట్లోనూ మామూలు మనిషికి అందదు. పడుకున్న రెండు సెకన్లకే లేచిన కంప్యూటర్, "మౌస్ కదిలినందుకు లేచాను, ఇకపై మౌస్‌తో లేవవద్దా?" అని తెర మూలన ఒక వాక్యం చూపించడానికి కొత్త పరిశోధన ఏమీ అక్కర్లేదు. సమాచారం అప్పటికే లాగ్‌లో ఉంది. దాన్ని తెలుగులో కూడా చూపించవచ్చు. బ్యాటరీ ఎవరు తింటున్నారో ఫోన్లు పేర్లతో సహా చూపించడం మొదలుపెట్టాక జనమే ఆ యాప్‌లను అదుపులో పెట్టుకోవడం నేర్చుకున్నారు. డెస్క్‌టాప్ వాడేవాళ్లకు ఆ గౌరవం ఎందుకు లేదు?

పైగా పరిస్థితి ఇంకో వైపు జరుగుతోంది. 2012లో విండోస్ 8తో కనెక్టెడ్ స్టాండ్‌బైగా వచ్చి తర్వాత మోడర్న్ స్టాండ్‌బైగా మారిన పద్ధతిలో, కంప్యూటర్ నిజంగా పడుకోదు. తెర ఆపి, ఫోనులాగా లోపల సగం మెలకువతో ఉంటుంది. లాప్‌టాప్‌లలో ఎస్3ని తీసేసి దీన్నే పెడుతున్నారు. సంచిలో పెట్టిన లాప్‌టాప్ గంట తర్వాత వేడెక్కి, బ్యాటరీ అయిపోయి బయటికి రావడం చాలాసార్లు ఆ మార్పు ఫలితమే. విడిభాగాలతో కట్టిన డెస్క్‌టాప్‌లలో ఎస్3 ఇంకా ఉంది. చిన్న డబ్బాల్లాంటి మినీ పీసీలు, మానిటర్‌లోనే అన్నీ ఇమిడిన ఆల్ ఇన్ వన్‌లు కొనేవాళ్లు మాత్రం పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ ఏ అని అడిగి, తమ కంప్యూటర్‌కు ఏ నిద్ర ఉందో కొన్న రోజే చూసుకోవాలి.

వాడేవాళ్లు అడగగలిగింది ఇంతే. మార్పు తేగలిగిన బలం పెద్ద ఎత్తున కొనేవాళ్లకుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలు 15,004. ఒక్కొక్క దాంట్లో ఒక్క కంప్యూటర్ రాత్రంతా ఊరికే మెలకువగా ఉన్నా, పై లెక్క ప్రకారం ఒక రాత్రికి 13,500 యూనిట్లు. కలెక్టరేట్లు, కాలేజీలు, బ్యాంకులు కలిపితే ఎంతో చెప్పనక్కర్లేదు. టెండరు పత్రాల్లో ప్రాసెసర్ వేగం, ర్యామ్ పరిమాణం, వారంటీ ఏళ్లు రాస్తారు. పడుకుని లేవడం గురించి కూడా ఒక షరతు రాయాలి. సరఫరా చేసిన ప్రతి మోడల్ నుంచి కొన్ని యంత్రాలను ఆ ఆఫీసు వాడే ప్రింటరు, స్కానరు, వేలిముద్ర పరికరం తగిలించి, వరుసగా 100 సార్లు పడుకోబెట్టి లేపాలి. ఒక్కసారి తప్పినా బయోస్ సవరించి తెమ్మని వెనక్కి పంపాలి. ఇందుకు కావాల్సిన పవర్‌టెస్ట్ అనే సాధనాన్ని మైక్రోసాఫ్ట్ తన డ్రైవర్ కిట్‌లో ఉచితంగానే ఇస్తోంది, ఎన్నిసార్లు అన్న అంకె ఇస్తే చాలు, అదే పడుకోబెడుతుంది, అదే లేపుతుంది, తప్పినచోటు రాసి పెడుతుంది.